గుండె డాక్టరు గదిలో మనసు జబ్బు

గుండె దడదడలాడుతుంది. ఊపిరాడదు, చేతులు చల్లబడిపోతాయి, ప్రాణం పోతోందన్న భయం కమ్మేస్తుంది. ఇంట్లోవాళ్ళు కంగారుపడి ఆటో ఎక్కిస్తారు. ఈసీజీ తీస్తే బాగానే ఉంటుంది. మర్నాడు టూడీ ఎకో, ఆ తర్వాత ట్రెడ్‌మిల్ పరీక్ష, అన్నీ నార్మలే. "ఏం లేదమ్మా, గ్యాస్. కాస్త టెన్షన్ తగ్గించుకో" అని ఒక గ్యాస్ మాత్ర, ఒక బి-కాంప్లెక్స్ రాసిస్తారు. నెల తిరక్కుండా ఏ అర్ధరాత్రో మళ్ళీ అదే దడ. ఈసారి ఇంకో ఆసుపత్రి, పరీక్షలు మళ్ళీ మొదటినుంచీ.

పానిక్ డిజార్డర్ ఉన్నవాళ్ళలో చాలామంది తిరిగే దారి ఇది. వీళ్ళు మానసిక వైద్యం అందనివాళ్ళ లెక్కలోకి వస్తారు. అలాగని ఆసుపత్రి ముఖం చూడనివాళ్ళు కారు. ఆ వీధి మొత్తంలో ఎక్కువసార్లు ఆసుపత్రి మెట్లెక్కింది వీళ్ళే అయినా ఆశ్చర్యం లేదు. మానసిక రోగులు వైద్యసేవలను ఎలా వాడుకుంటున్నారన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ "అవగాహన లేదు, అందుకే రావడం లేదు" అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. ఈ మాటలో నిజం సగమే. వాళ్ళు వెళ్తూనే ఉంటారు. ఏ గుమ్మం ఎక్కుతున్నారు, అక్కడ ఏం దొరుకుతోంది, రెండోసారి ఎందుకు రావడం లేదు అన్నవి అడగాల్సిన ప్రశ్నలు.

దేశం మొత్తానికి దిక్కుగా వాడుకుంటున్న లెక్క బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే. 18 ఏళ్ళు దాటినవాళ్ళలో 10.6 శాతం మందికి సర్వే నాటికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని అది తేల్చింది. చికిత్స అందనివారి శాతం జబ్బును బట్టి 70 నుంచి 92 దాకా ఉంది. కుంగుబాటు, ఆందోళన వంటి మామూలు రుగ్మతల్లో సుమారు 85 శాతం, మద్యం వ్యసనంలో 86 శాతం, సైకోసిస్‌లో 75 శాతం. (12 రాష్ట్రాల్లో జరిగిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన పరిస్థితి గురించి మాట్లాడేవాళ్ళు ఆ అంకెలనే అరువు తెచ్చుకుంటారు.) సైకోసిస్ అంటే మనిషి తనలో తాను మాట్లాడుకోవడం, లేని గొంతులు వినడం, ఇంట్లోవాళ్ళు విషం పెడుతున్నారని అనుమానించడం వంటివి. దాచిపెడితే దాగే జబ్బు కాదు. అందులోనూ నలుగురిలో ముగ్గురికి చికిత్స లేదంటే, జబ్బు కంటపడకపోవడం ఒక్కటే కారణం కాదన్నమాట.

నాలుగు జల్లెళ్ళు

ఈ సంగతి అర్థం కావడానికి ఇంగ్లండు నుంచి వచ్చిన పాత నమూనా ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. 1980లో డేవిడ్ గోల్డ్‌బర్గ్, పీటర్ హక్స్‌లీ అనే ఇద్దరు పరిశోధకులు మానసిక రోగి సమాజం నుంచి ఆసుపత్రి మంచం దాకా వచ్చే దారిని ఐదు అంతస్తులుగా, మధ్యలో నాలుగు జల్లెళ్ళుగా వివరించారు. వాళ్ళ లెక్కలో ఏడాది కాలంలో వెయ్యి మందిలో సుమారు 250 మందికి మానసిక రుగ్మత ఉంటుంది. వాళ్ళలో 230 మంది ఏదో ఒక కారణంతో తమ కుటుంబ వైద్యుణ్ణి కలుస్తారు. ఆ వైద్యుడు జబ్బును గుర్తించేది 140 మందిలో. మానసిక వైద్యుడి దాకా చేరేది 17 మంది, ఆసుపత్రిలో చేరేది ఆరుగురు.

మొదటి జల్లెడ దాదాపు అందరినీ దాటనిచ్చింది. బ్రిటన్‌లో ప్రతి మనిషికీ ఒక కుటుంబ వైద్యుడు ఉంటాడు, ఆయన దగ్గర ఏళ్ళ తరబడి రికార్డు ఉంటుంది, పెద్ద డాక్టరు దగ్గరికి పోవాలంటే ఆయన రాసివ్వాలి. రోగులు ఎక్కువగా జారిపోయేది ఆ వైద్యుడి గదిలోనే.

మన దగ్గర ఆ కాపలాదారు లేడు. ఎవరైనా నేరుగా ఏ స్పెషలిస్టు దగ్గరికైనా పోవచ్చు. చూడటానికి ఇది సౌకర్యంలా ఉంటుంది. కానీ దీనివల్ల తనకేం జబ్బో తేల్చుకునే పని రోగి నెత్తిన పడుతోంది. ఛాతీ పట్టేస్తే గుండె డాక్టరు, కడుపులో మంట అయితే గ్యాస్ట్రో డాక్టరు, తల బరువుగా ఉంటే నరాల డాక్టరు. బాధ ఏ అవయవంలో కనిపిస్తే ఆ అవయవం డాక్టరు. కుంగుబాటుకు ఒంట్లో చోటంటూ లేదు కాబట్టి దాని డాక్టరు ఎవరికీ తట్టడు. స్పెషలిస్టు తన అవయవం వరకు చూసి బాగానే ఉందంటాడు. ఆయన తప్పు చెప్పలేదు. కాకపోతే ఆయన చెప్పింది రోగి అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

ఇందులో భాష పాత్ర చాలా ఉంది. తెలుగులో మనసు బాధ ఒంటి మీదుగానే బయటికి వస్తుంది: నీరసం, ఒళ్ళంతా మంటలు, తల దిమ్ము, గుండె బరువు, నరాల బలహీనత. ముఖ్యంగా ఈ చివరిది. ఏ వైద్య గ్రంథం ప్రకారమూ ఈ రోగులకు నరాల్లో బలహీనత ఉండదు, కానీ మాట మాత్రం అందరికీ తెలుసు, దాన్ని పలకడానికి ఎవరూ సిగ్గుపడరు. చిన్న పట్టణాల్లో సైకియాట్రిస్టుల బోర్డులు చూస్తే ఇది వాళ్ళకూ తెలుసని అర్థమవుతుంది. "నరముల, మానసిక వ్యాధుల నిపుణులు" అని ఉంటుంది, నరాలు ముందు, మనసు తర్వాత. గుమ్మం దాటే మనిషికి ఆ మొదటి మాట గొడుగు. శాస్త్రీయం కాదని విమర్శించేవాళ్ళున్నారు. ఆ ఒక్క మాట వల్ల లోపలికి అడుగుపెట్టినవాళ్ళు ఎందరో, అది రాయకపోతే మెట్ల దగ్గరే వెనుదిరిగేవాళ్ళు ఎందరో కూడా ఆలోచించాలి.

ఇలా ఒంటి బాధల రూపంలో వచ్చేవాళ్ళు కొద్దిమందేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో 14 దేశాల్లోని 15 కేంద్రాల్లో, బెంగళూరుతో సహా, సాధారణ వైద్యుల దగ్గరికి వచ్చిన రోగులను పరిశీలించింది. వాళ్ళలో సుమారు 24 శాతం మందికి మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. అంటే జ్వరం, నొప్పులు అంటూ ఓపీ వరసలో నిలబడిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలిచ్చే చోట ఆ ఒక్కరిని పోల్చుకోవడం ఎలా సాధ్యం?

నిద్రమాత్ర, కల్లు, తాయెత్తు

పల్లెల్లో మొదటి గుమ్మం చాలాసార్లు ఆర్‌ఎంపీది. అర్ధరాత్రి తలుపు కొట్టినా లేస్తాడు, అప్పు పెడతాడు, ఇంటి సంగతులన్నీ తెలిసినవాడు. నిద్ర పట్టడం లేదంటే ఆయన దగ్గర ఉండేది ఒక సెలైన్ సీసా, ఒక నిద్రమాత్ర. ఆల్‌ప్రజోలం లాంటి మాత్ర ఆ రాత్రికి నిజంగానే పనిచేస్తుంది. నిద్ర పోగొట్టిన కుంగుబాటు అలాగే ఉండిపోతుంది. కొన్ని వారాలకు మాత్ర లేకపోతే కునుకు పట్టదు. ఇప్పుడు జబ్బులు రెండు.

తెలంగాణలో ఈ కథకు ఇంకో ముఖం ఉంది. కొన్ని జిల్లాల్లో కల్లులో ఆల్‌ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మడం ఏళ్ళ తరబడి సాగుతున్న వ్యవహారం. తాగేవాళ్ళకు తాము మత్తుమందుకు అలవాటు పడ్డామన్న సంగతి కూడా తెలియదు. 2015లో అధికారులు కల్తీ మీద దాడులు చేసినప్పుడు, 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల కల్లు, మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు, వణుకుతూ, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో జనం ఆసుపత్రులకు పరుగెత్తారు. లాక్‌డౌన్ నాడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఓపీ కిటకిటలాడింది. అంతకు ముందు నెలదాకా ఆ గేటు వైపు తలెత్తి చూడనివాళ్ళు వరసలో నిలబడ్డారు. అది అవగాహన పెరిగి వచ్చిన వరస కాదు. మళ్ళీ దుకాణాలు తెరిచాక ఆ వరస ఏమైందో ఊహించడం కష్టమేమీ కాదు.

అసలు ఎర్రగడ్డ అన్న ఊరిపేరే అడ్డంకి. హైదరాబాదులో "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అంటే అది సలహా కాదు, తిట్టు. ఉత్తరాంధ్రలో విశాఖ చినవాల్తేరు ఆసుపత్రికీ అదే గతి. రోగం గురించి చెప్పాల్సిన పేరు వెక్కిరింతగా మారితే, ఆ పేరున్న బస్‌స్టాపులో దిగడానికే మనిషి జంకుతాడు.

ఇక తాయెత్తు, అంత్రం, దర్గా, గుడి. "గాలి సోకింది", "ఎవరో చేతబడి చేశారు" అనే కుటుంబం వైద్యానికి వ్యతిరేకి అనుకోవడం తొందరపాటు. ఒక చేతిలో మాత్రలు, ఇంకో చేతిలో తాయెత్తు పెట్టుకుని తిరిగేవాళ్ళే ఎక్కువ. నెల్లూరు జిల్లా అనుమసముద్రంపేట దర్గా లాంటి చోట్ల రోగిని పెట్టుకుని రోజుల తరబడి ఉండే కుటుంబాలకు అక్కడ దొరికేది ఏమిటో గమనించాలి. ఫీజు లేదు, గడువు లేదు, ఇంటివాళ్ళు పక్కనే ఉండవచ్చు, తప్పు రోగిది కాదు, పట్టిన దయ్యానిది. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన తమిళనాడులోని ఒక గుడిలో మందుల్లేకుండా సగటున ఆరు వారాలున్న 31 మంది తీవ్ర మానసిక రోగులను పరిశీలించి, లక్షణాల తీవ్రత సుమారు 20 శాతం తగ్గిందని నమోదు చేసింది. అందులో దేవుడి మహిమ ఎంత, తిట్టూ కొట్టూ లేని ప్రశాంతమైన చోటు మహిమ ఎంత అన్నది పక్కన పెడదాం. అయితే ఇదే తమిళనాడులో, ఏర్వాడి దర్గా చుట్టూ వెలసిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో 2001 ఆగస్టు 6న మంటలు అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. గుడి నీడలో దొరికే ఆదరణ గురించి మాట్లాడేటప్పుడు ఈ గొలుసునూ పక్కనే పెట్టి చూడాలి. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 95వ సెక్షన్ రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదని నిషేధించింది.

238 మందిలో 30 మంది

మన దగ్గరే జరిగిన ఒక పరిశోధన ఈ చర్చకు ఆయువుపట్టు లాంటిది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ అనే సంస్థ పాత పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాల్లో ఒక ప్రయత్నం చేసింది. ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, ఇంటింటికీ పంపి, కుంగుబాటు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి ప్రశ్నలు అడిగించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, ట్యాబ్ మీదే చికిత్స మార్గదర్శకాలు పెట్టారు. రోగులకు ఫోను ద్వారా గుర్తుచేసే ఏర్పాటు కూడా ఉంది.

5,007 మందిని పరీక్షిస్తే 238 మందికి సమస్య ఉండవచ్చని తేలింది. ఆ 238 మందిలో అప్పటిదాకా దానికోసం వైద్యసేవలు తీసుకున్నవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు, 0.8 శాతం. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చెప్పాక డాక్టరు దగ్గరికి వెళ్ళినవాళ్ళు 30 మంది, 12.6 శాతం. ఇద్దరి నుంచి ముప్పై మంది అంటే పదిహేను రెట్లు. పరిశోధకులు దాన్ని విజయంగానే చెప్పారు, అందులో తప్పులేదు. కుంగుబాటు, ఆందోళన స్కోర్లు కూడా తగ్గాయి. ఆ తర్వాత పశ్చిమ గోదావరితో పాటు హర్యానా గ్రామాల్లోనూ కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున పరీక్షించినప్పుడు, ఏడాది చివర కుంగుబాటు తగ్గి కోలుకున్నవాళ్ళు మామూలు పద్ధతిలో కంటే ఎక్కువగా కనిపించారు.

అయినా మొదటి ప్రయత్నంలో వెళ్ళని 208 మంది మీదికే మనసు పోతుంది. వాళ్ళకు అవగాహన లేదనడానికి లేదు. గుమ్మం దగ్గరికొచ్చి తమ ఊరి ఆశా కార్యకర్తే చెప్పింది. మరి ఎందుకు వెళ్ళలేదు? ఒక పూట ఆసుపత్రి అంటే ఒక రోజు కూలి పోయినట్టే. ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉండే వేళ పనికి పోయే వేళ ఒకటే. వరసలో తమ ఊరివాళ్ళే ఉంటారు, ఎందుకొచ్చావని అడుగుతారు. అన్నిటికీ మించి, మొగుడి తాగుడు వల్ల, అప్పు వల్ల, పంట పోయినందువల్ల దిగులు పడుతున్న మనిషికి డాక్టరు ఏం చేయగలడన్న సందేహం. ఇది అజ్ఞానం కాదు, న్యాయమైన ప్రశ్న. దిగులుకు కారణం బయట ఉన్నా, కుంగుబాటుగా ముదిరినప్పుడు దానికి చికిత్స పనిచేస్తుందని ఎవరో కూర్చుని చెప్పాలి. ఆ కూర్చోవడానికి సైకియాట్రిస్టే కావాలని లేదు. గోవా ఆరోగ్య కేంద్రాల్లో మానసిక వైద్యంలో ముందు ఏ శిక్షణా లేని మామూలు కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిసి మాట్లాడిన రోగుల్లో 64 శాతం మందికి మూడు నెలల్లో కుంగుబాటు తగ్గింది. మామూలు పద్ధతిలో అది 39 శాతం. లాన్సెట్ వైద్య పత్రిక 2017లో ఈ ఫలితాలు ప్రచురించింది.

మొదటిసారి రావడం ఒక ఎత్తు, ఆపకుండా రావడం ఇంకో ఎత్తు. స్కిజోఫ్రీనియా (సైకోసిస్‌లో ఒక రకం), బైపోలార్ (ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) వంటివాటికి మందులు ఏళ్ళ తరబడి వాడాలి. మాత్రల ఖరీదు అంత భారం కాదు, చాలావరకు జనరిక్‌లు ఉన్నాయి. భారమంతా ప్రయాణంలో, పోయిన కూలిలో, వెంట రావాల్సిన మనిషి కూలిలో. జాతీయ సర్వే లెక్కలో ఒక కుటుంబం చికిత్సకూ ప్రయాణానికీ కలిపి నెలకు వెయ్యి నుంచి 1,500 రూపాయలు ఖర్చుపెడుతోంది. నయమైనట్టు అనిపించిన నెలలో ముందు తెగేది ఆ ఖర్చే. మందు మానేసిన వెంటనే ఏమీ కాదు. "చూశావా, మందు లేకుండానే బాగున్నాడు" అనుకునేలోపు, మూడు నాలుగు నెలలకు, జబ్బు తిరగబెడుతుంది. బైపోలార్‌కు వాడే లిథియం అయితే రక్తంలో ఎంత ఉందో, థైరాయిడ్, కిడ్నీలు ఎలా ఉన్నాయో అప్పుడప్పుడు పరీక్షిస్తూ ఉండాలి. జిల్లా కేంద్రం దాకా పోతేగానీ ఆ పరీక్ష దొరకనివాడికి మందు దొరికినా ఏం లాభం?

ఈ దూరాన్ని తగ్గించే ఆలోచన పాతదే. 1985-90 మధ్య నిమ్హాన్స్ బళ్ళారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి చికిత్సను పల్లెల దాకా తీసుకెళ్ళింది. ఆ నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు జిల్లాల్లో మొదలైంది. వాటిలో మన మెదక్ ఒకటి. ఇప్పుడు అది కాగితం మీద దేశమంతటా ఉంది. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో, 0.75 అని లెక్క, వైద్యం నిలబడేది పెద్దాసుపత్రుల్లో కంటే ఈ జిల్లా బృందాల్లోనే. అందులో ఖాళీగా ఉన్న ప్రతి పోస్టూ ఒక జిల్లాలో మందు తెగిపోయిన కుటుంబాల లెక్కగా మారుతుంది.

రెండు కాగితాలు

డబ్బున్నవాళ్ళ దగ్గర ఇంకో రకం అడ్డంకి ఉంది. 2017 చట్టం 21వ సెక్షన్ శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలంది. బీమా నియంత్రణ సంస్థ 2018 ఆగస్టులో కంపెనీలకు ఆ మేరకు ఆదేశమిచ్చింది. కానీ బీమా వాడుకోవాలంటే జబ్బు పేరు కాగితం మీదికి ఎక్కాలి. పెళ్ళి కావలసిన పిల్ల తండ్రి ఆ కాగితానికి ఎందుకు భయపడతాడో ఎవరికీ వివరించనక్కర్లేదు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణం. జబ్బు ఉన్నంత మాత్రాన చాలదని, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రంగా ఉండాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. అయినా కోర్టు దాకా పోకముందే సంబంధాలు చెడిపోతాయి. అందుకే విజయవాడ వాళ్ళు హైదరాబాదులో, హైదరాబాదు వాళ్ళు బెంగళూరులో చూపించుకుంటారు. నగదు కడతారు, చీటీ చింపేస్తారు. పెళ్ళయ్యాక ఆ పిల్ల అత్తింట్లో మాత్రలు దాచలేక మానేస్తుంది, మొదటి కాన్పు తర్వాత జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు డాక్టరు "పాత చీటీ ఏది?" అని అడుగుతాడు.

ఈ విషయంలో ఫోను కొంత నయం. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కి చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు, ఊరు దాటనక్కర్లేదు, వరసలో ఎవరికంటా పడనక్కర్లేదు. చావాలన్న ఆలోచన వేధిస్తున్నప్పుడు అర్ధరాత్రి అయినా చేయవచ్చు.

ఎక్కువమంది మాట్లాడని సంగతి ఇంకొకటుంది. తీవ్ర మానసిక రోగులు మిగతావాళ్ళకంటే సుమారు 10 నుంచి 20 ఏళ్ళు ముందే పోతారు. ఆత్మహత్యలు అందులో కొంత భాగమే, ఎక్కువ చావులు గుండెజబ్బు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బుల వల్ల. సైకోసిస్‌కు వాడే ఓలాంజపిన్ లాంటి మందులతో బరువు, షుగరు పెరుగుతాయి, చాలామందికి పొగ అలవాటు ఉంటుంది. ఇవన్నీ తెలిసినవే. తెలిసీ తెలియనట్టు ఉండేది వైద్యుల తీరు. అమెరికాలో గుండెపోటు వచ్చిన లక్షకు పైగా వృద్ధుల రికార్డులు పరిశీలించిన పరిశోధకులు, మానసిక రుగ్మత ఉన్నవాళ్ళకు యాంజియోగ్రామ్ వంటివి తక్కువగా చేస్తున్నారని 2000లో చూపించారు. "పిచ్చి మనిషి, ఏదో నొప్పంటాడు" అన్న ఆలోచన ఇంగ్లీషులోనూ ఉంటుందన్నమాట. మొదట చెప్పిన పానిక్ రోగిది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. ఆ రోగి గుండె బాగున్నా పదిసార్లు గుండె పరీక్షలు చేశారు. స్కిజోఫ్రీనియా ఉన్నవాడి గుండె నిజంగా ఆగిపోతున్నా ఒక్కసారి ఈసీజీ తీయడానికి మనసొప్పదు.

చింపేసే కాగితం ఒకటైతే, లామినేషన్ చేయించే కాగితం ఇంకోటి ఉంది. సదరం సర్టిఫికెట్. మానసిక రుగ్మత వల్ల వైకల్యం 40 శాతం దాటిందని సదరం క్యాంపులో డాక్టరు ధ్రువీకరిస్తే పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి అది నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. వైకల్యం ఎంతో కొలవడానికి జబ్బు ఎన్నాళ్ళుగా ఉంది, ఎన్నాళ్ళు చికిత్స జరిగింది అన్నవీ చూస్తారు కాబట్టి పాత చీటీలు కావాలి. పదేళ్ళుగా కొడుకును ఇంట్లోనే పెట్టుకున్న తల్లి, సర్టిఫికెట్ కోసం మొదటిసారి ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగం మెట్లెక్కుతుంది. చీటీ కోసం రాసిన మందు కొన్నాళ్ళు వేస్తుంది, పిల్లవాడు కాస్త తెరిపిన పడతాడు, రాత్రుళ్ళు నిద్రపోతాడు. ఇక తాత్కాలిక సర్టిఫికెట్ గడువు దగ్గరపడుతున్నకొద్దీ ఆమెకు కొత్త దిగులు. మందు ఆపకుండా వేస్తే శాతం 40 కిందికి దిగుతుందేమో, పింఛను పోతుందేమో. బీరువాలో బట్టల కింద ఆ లామినేషన్ కాగితం, దాని పక్కనే సగం వాడిన మాత్రల అట్ట, రెండూ ఉంటాయి.